అమ్మ కల్లు మానేసిన రోజులు

మా నాన్న తాగుబోతు. ఆ మాట వాడకట్టంతా అనేది, అందరికంటే గట్టిగా మా అమ్మే అనేది. సారాతో మొదలుపెట్టి బ్రాందీ దాకా ఎదిగి, ఆ ఎదుగుదలలోనే పోయాడు. మా అమ్మ మాత్రం మిర్యాలగూడలో రైసు మిల్లు పని దిగాక, తలకు పట్టిన తవుడు దులుపుకుని, తోటి ఆడవాళ్లతో కలిసి రోజూ సాయంత్రం కల్లు కాంపౌండుకు పోయేది. ఆమెను ఎవరూ తాగుబోతు అనలేదు. మా దగ్గర కల్లు తాగడం తాగుడు కిందికి రాదు. అది ఒళ్లు నొప్పులకు, ఎండకు, మిల్లు దుమ్ముకు. ఇంటికొచ్చిన చుట్టానికి పోస్తాం, పండక్కి దేవత ముందు ధారగా సాక పోస్తాం. పోస్తూనే తాగుబోతుల్ని తిడతాం.

నాకు కోదాడలో ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మా పుట్టిల్లంటే మిల్లు గోడకు ఆనుకున్న ఒక్క గది. పసిపిల్ల ముక్కులో తవుడు దూరుతుందని మా ఆయన ఒప్పుకోలేదు. అందుకని పుట్టిల్లే సంచీ సర్దుకుని, బస్సెక్కి మా కిరాయి ఇంటికి వచ్చింది.

"నిన్న కడసారి తాగొచ్చిన. ఇగ బంద్," అంది వస్తూనే. "పసిగుడ్డును ముట్టే చేతులు. కల్లు వాసన రావద్దు."

నేను మురిసిపోయాను. ఎవరూ అడగకుండానే మానేసింది, మనవరాలి మీది ప్రేమతో మానేసింది. ఆ ప్రేమే మా కొంప ముంచుతుందని మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

మొదటిరోజు స్నానం చూసి తీరాల్సిందే. గచ్చు మీద పీట వేసుకుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలిచి, తల చుట్టూ అరచేత్తో ఒత్తి, కంట్లో చుక్క పడకుండా నీళ్లు పోసింది. ఇంటి ఓనరమ్మ గోడ మీంచి చూసి, "మీ అమ్మగారి చెయ్యి ఎంత మంచిదమ్మా, పిల్ల కిక్కురుమనలేదు," అంది.

మర్నాడు ఆ చెయ్యి వణికింది. చెంబు బకెట్టు అంచుకు తగిలి టకటకలాడింది. చలి అంది అమ్మ. ఎండాకాలంలో చలేమిటని నవ్వాను. నిద్ర పట్టడం లేదంది. ఒళ్లంతా చెమటలు. అన్నం ముద్ద నోటి దాకా పోయేలోగా సగం కంచంలోనే రాలేది. ఆ పై రోజు నీళ్లు పోస్తూ పోస్తూ ఆగి, పిల్ల వీపు మీద ఏదో ఏరడం మొదలుపెట్టింది.

"ఏంజేస్తున్నవ్ అమ్మా?"

"చీమలే. సూడు, పోరికి ఎన్ని పట్టినయో."

చీమల్లేవు. ఆమె గోళ్లతో గిల్లుతోంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "ఏం లెవ్వు, ఇటియ్యి" అంటే, "నీకు కండ్లు లెవ్వా" అని కసిరి, చెంబుతో పక్కనున్న మరిగే నీళ్ల గిన్నె వైపు చెయ్యి చాచింది. కాన్పు ఆపరేషన్ కుట్లు పిగులుతాయని కూడా చూడకుండా వంగి పిల్లను అందుకున్నాను. అమ్మ వదల్లేదు. కాసేపు ఇద్దరం పిల్లను చెరో వైపు పట్టుకునే ఉన్నాం. అంత భయం నేనెన్నడూ పడలేదు, అదీ నన్ను పెంచిన చేతుల్ని చూసి.

బాలింత ఇంట్లో ఏదో గాలి తిరుగుతోందని ఓనరమ్మ తేల్చింది. నిమ్మకాయ తిప్పాం, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశాం. ఘాటుకు ఇల్లంతా దగ్గింది గానీ గాలి కదల్లేదు. కోదాడలో చూపించిన డాక్టరు, "తాగే అలవాటు ఉందా?" అని అడిగాడు. అమ్మ ఆ వణుకులోనే నిటారుగా కూర్చుంది.

"ఛీ! మా ఇంటా వంటా లేదు. ఉన్నొక్కడు సచ్చిండు."

నేనూ మా ఆయనా తలలూపాం. అబద్ధమాడుతున్నామని మాకు తోచనే లేదు. ఆ మాటకొస్తే, ముసలామెను పట్టుకుని అదేం ప్రశ్న అని డాక్టరు మీద కోపం కూడా వచ్చింది. ఆయన నీరసం అని సెలైన్ ఎక్కించి పంపాడు.

మర్నాటికి అమ్మ మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, నాలుక బయటికి వచ్చింది. బాలింత గడప దాటకూడదని ఓనరమ్మ అడ్డం పడుతున్నా, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కారులో సూర్యాపేట తీసుకెళ్లాను. అక్కడ సూది పడ్డాక మెడ కొంచెం దారికొచ్చింది. ఆ డాక్టరు కూడా అదే ప్రశ్న అడిగాడు, అమ్మ అదే జవాబు చెప్పింది. అయితే ఆయన ఈ ప్రాంతంవాడేమో, అక్కడితో ఆగలేదు.

"మరి సాయంత్రం కల్లు?"

"కల్లు తాగకుంట ఎట్లుంటరు సారూ?" అంది అమ్మ ఆశ్చర్యపోయి.

ఆయన పెన్ను కింద పెట్టాడు. టౌన్లో అంతమందికి పొయ్యడానికి అన్ని తాటిచెట్లు ఎక్కడున్నాయని మమ్మల్నే అడిగాడు. అందులో చెట్టుది తక్కువ, మత్తు పౌడరు ఎక్కువ అన్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే. "ఏండ్ల సంది రోజూ మత్తు పడ్డ ఒళ్లు. ఒక్కసారే బంద్ చేస్తే గిట్లనే అయితది, పాణం మీదికి గూడ వస్తది. మాత్రలిచ్చి మెల్లగ తగ్గియ్యాలె. నెలలు పడ్తది. ఎవరన్న కనిపెట్టుకుని ఉండాలె."

కోపం పౌడరు కలిపినవాడి మీద రావాలి. వాడు ఎదురుగా లేడు, అమ్మ ఉంది. అమ్మ మీదే వచ్చింది.

కనిపెట్టుకుని ఉండేదెవరు? మా ఆయన డ్యూటీకి పోతాడు. గదిలో పిల్లతో గడియ పెట్టుకుని నేను, వరండాలో మాత్రలు మింగి అమ్మ. పిల్ల ఏడ్చినప్పుడల్లా తలుపు దగ్గరికొచ్చి నిలబడేది. "జర ఇయ్యవే. కిందనే కూసుంట. ఒళ్లె పెట్టుకుంట అంతే." నేను గడియ తీసేదాన్ని కాదు. తలుపుకవతల ఆమె ఏడిస్తే, ఇవతల నేను పాలిస్తూ ఏడ్చేదాన్ని. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు గానీ, ఆ రెంటి మధ్యా నిలబడ్డానికి జానెడు చోటైనా ఉంటుంది. నాకు అదీ లేదు.

ఒక మధ్యాహ్నం చూస్తే వరండాలో అమ్మ లేదు. మేం కారు మాట్లాడుకుని మిర్యాలగూడ చేరేసరికి, తన గది ముందు మంచం మీద కూర్చుని తోటి ఆడవాళ్లతో నవ్వుతోంది. తల దువ్వుకుంది, మొహం కడుక్కుంది. ఎక్కడికి పోయొచ్చిందో వాసనే చెప్పింది. తిట్టడానికి నేను నోరు తెరిచేలోగా పిల్లను అందుకుని, నీళ్లు తోడుకుని, కాళ్లు చాపి కూర్చుంది. ఆ చేతులు కొంచెమైనా చలించలేదు. పిల్ల ఆవులించి, ఆమె కాళ్ల మీదే నిద్రపోయింది. విషం తాగితే మా అమ్మ తిరిగొచ్చింది, మాత్రలేస్తే పోయింది.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాం, మళ్లీ ఆగిపోయాయి. మిల్లు మానదు. మిల్లు దారిలోనే కాంపౌండు. అక్కడికి పోయే ఆడవాళ్లే ఆమె చుట్టాలు, ఆమె లోకం. ఎక్సైజోళ్లు వచ్చి కాంపౌండు మూయిస్తే ఆ వాడకట్టంతా వణుకుతుంది, తెరిస్తే కుదుటపడుతుంది. గట్టిగా అడిగితే అమ్మ అంటుంది, "నాకు మాత్రం కుశాలనా? పొద్దుగాల బంద్ జేస్త. పొద్దుగూకంగనే కాళ్లు వాటంతల అవే పోతయ్ బిడ్డా."

ఇప్పుడు పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. అప్పుడప్పుడు మిర్యాలగూడ తీసుకెళ్తాను. అమ్మమ్మను చూడగానే చేతులు చాస్తుంది, అమ్మా చాస్తుంది. నేను వెంటనే ఇవ్వను. ముందు గడపలోనే నిలబడి అడుగుతాను.

మొన్న కూడా అడిగాను. "తాగినవా అమ్మా?"

"లేదు బిడ్డా. మీరొస్తున్నరని నిన్నటి సంది ముట్టలే," అంది. మెచ్చుకుంటానేమోనని నా వైపే చూస్తోంది. అప్పటికే వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

పిల్లను చంకలో పైకి జరుపుకున్నాను.

"జర పోయి తాగిరా అమ్మా," అన్నాను. "వచ్చినంక ఇస్త."

అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.