నాయన కుట్టిన రైలింజను

మా నాయనకు క్రాస్ స్టిచ్ నేర్పింది నేనే. పందొమ్మిది వందల యాభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి.

అప్పుడు మేము గుంతకల్లులో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాయన ఫైర్‌మన్. ఇంజనులో బొగ్గు వేయడం ఆయన పని. శివరాత్రికి కొద్దిరోజుల ముందు, డ్యూటీ ముగించుకుని ఇంజను దిగుతూ తడి మెట్టు మీద కాలు జారి కంకరరాళ్ల మీద పడ్డాడు. మోకాలి కింది ఎముక విరిగింది. రైల్వే ఆసుపత్రిలో తొడ దాకా పిండికట్టు వేసి, రెండు నెలలు కాలు కింద పెట్టకూడదని చెప్పి ఇంటికి పంపారు.

అమ్మ వసారాలో మంచం వేసింది. ఆ మంచం మీద ఆయన మొదటి పది పదిహేను రోజులు ఎట్లా గడిపాడో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. స్టేషను నుంచి కూత వినబడితే చాలు, అది ఏ బండిదో, దాన్ని ఏ డ్రైవరు నడుపుతున్నాడో చెప్పేవాడు. ఒక కూత మాత్రం విన్న తర్వాత ఏమీ చెప్పేవాడు కాదు. అది ఆయన చాలా ఏళ్లు కలిసి పనిచేసిన డ్రైవరుది. నాయన కంటే వయసులో పెద్ద కాబట్టి మా ఇంట్లో అందరం ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం. బండ్లు లేనప్పుడు నాయన అమ్మతో పోట్లాడేవాడు. సంగటి మెత్తగా అయిందనేవాడు, పచ్చడిలో ఉప్పు లేదనేవాడు, వాకిట్లో కోడి అరుస్తోందనేవాడు.

"కాలు విరిగిన మనిషి గమ్మునుండాల. నోరు విరిగింటే బాగుండు," అనేది అమ్మ.

బయట వేపచెట్టు పాత ఆకు రాల్చి ఎర్రటి చిగురు వేస్తోంది. వానలు పడక బావులు అడుగంటినా ఆ చెట్టు మాత్రం ఏటా అదే సమయానికి చిగురించేది. పొద్దున ఎండ వసారాలోకి రాకముందు వెలుతురు బాగుండేది. బడి లేని రోజుల్లో నేను ఆ మంచం పక్కనే చాప వేసుకుని కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. మా కుట్టుపని టీచరమ్మ, మా వరసలోనే రెండిళ్ల అవతల ఉండే క్రైస్తవురాలు, పరీక్ష కోసం అందరికీ ఒక్కో దిండు గలీబు కుట్టమని పని ఇచ్చింది. నాది రెండు చిలకలు. మ్యాటీ గుడ్డ మీద నేతలోనే సన్నని గళ్లుంటాయి. పటం చూసి గళ్లు లెక్కపెట్టుకుంటూ ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టాలి. ముందు వరసంతా ఒకవైపు వాలుగా కుట్టుకుంటూ పోయి, మళ్లీ వెనక్కి వస్తూ దాని మీద రెండో వాలు వేయాలి. తొందరపడితే దారం చిక్కుపడుతుంది.

ఒకరోజు నాయన పైనుంచి చూస్తూ, "పాపా, ఆడ తప్పు పోయింది చూడు. ఈ చిలకకు తోక ఒక గడి పొడుగుండాది," అన్నాడు.

చూస్తే నిజమే. ఏడుపొచ్చినంత పనైంది. కుట్టిందంతా విప్పుతుంటే నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. "ఉండు, నేను విప్పుతా. నాకేం పనుండాది?"

విప్పడం చాలా ఓపికగా చేశాడు. అది అయిపోయాక గుడ్డ తిరిగి ఇవ్వలేదు. "ఎట్ల కుట్టాల, చూపీ," అన్నాడు.

ఆయన వేళ్లు మొద్దుబారి, నిప్పురవ్వల మచ్చలతో ఉండేవి. సూది వాటి మధ్య నిలిచేది కాదు. ఎన్నిసార్లు దుప్పట్లో పడిందో. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. మొదటి వరస వంకరగా వచ్చింది, రెండోది కాస్త మేలు. మధ్యాహ్నం అమ్మ అన్నానికి పిలిస్తే, "ఈ వరస కానీ," అన్నాడు. ఆరోజు పచ్చడిని ఏమీ అనలేదు.

అమ్మకు మాత్రం నచ్చలేదు. "ఇంజనెక్కే మొగోడు ఆడపిల్ల మాదిరి సూది పట్టుకుంటే చూసినోళ్లు ఏమనుకుంటారు?" అంది. ఆ తర్వాత గేటు చప్పుడైతే నాయన గుడ్డను దుప్పటి కింద దాచేవాడు.

పెద్దాయన ఒక సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు మసి. "ఏమప్పా, ఎట్లుండావు?" అంటూ మంచం అంచున కూర్చున్నాడు. కూర్చోగానే కేక పెట్టి లేచాడు. దుప్పటి కిందున్న సూది దిగింది. ఆయన దుప్పటి లాగితే గుడ్డ బయటపడింది.

"ఏందిది?"

"పాపది," అన్నాడు నాయన.

"పాపదైతే నీ దుప్పట్లో యాలుండాది?"

"నేనే కుడతాండా అన్నా. పొద్దు పోతాది," అన్నాడు నాయన.

పెద్దాయన పడీపడీ నవ్వాడు. మంచి మనిషే, కానీ కడుపులో మాట దాగేది కాదు. మర్నాటికి ఇంజన్ల షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. పరామర్శకు వచ్చిన ఒకాయన మా ఆడోళ్లకు జాకెట్టు కుట్టి ఇస్తావా అని అడిగాడు. నాయన కూడా నవ్వాడు. ఆయన వెళ్లాక గుడ్డను మడిచి నాకిచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులు అట్లాగే ఉన్నాడు. తినేవాడు కాదు, పోట్లాడేవాడూ కాదు. మూడో రోజు పొద్దున అమ్మ నా పెట్టెలోంచి గుడ్డ, దారాలు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"కుట్టు," అంది.

"వద్దులే."

"నవ్వినోళ్లు వచ్చి నీ పొద్దు జరుపుతారా? కుట్టు. ఎవరన్నా అడిగితే నేను చెప్తా."

ఆ రోజు నుంచి ఆయన గుడ్డ దాచలేదు. నా చిలకలు నాకు ఇచ్చేసి, తనకు వేరే గుడ్డ కావాలన్నాడు. ఇంజను కుట్టాలని ఉందన్నాడు. టీచరమ్మ దగ్గరున్న పటాల్లో పూలు, చిలకలు, కుక్కపిల్లలే తప్ప ఇంజను లేదు. ఆమె గళ్ల కాగితం ఇచ్చి, "మీరే గీసుకోండి, మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాది?" అంది.

గీయడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. అంతా కుదిరింది, చక్రాలు తప్ప. గళ్లలో గుండ్రం రాదు. ఎట్లా గీసినా మెట్లు మెట్లుగా వస్తుంది. ఈ సంగతి ఆయన్ను చాలా బాధపెట్టింది. చదరపు చక్రాల బండి యాడికి పోతుందని గొణిగేవాడు. టీచరమ్మ వచ్చి చూసి, దగ్గరనుంచి చూడొద్దంది. మొదటి చక్రం కుట్టడం అయ్యాక నేను గుడ్డను వాకిటి అవతలి గోడ దగ్గర పట్టుకుని నిలబడ్డాను. నాయన మంచం మీదినుంచి కళ్లు చికిలించి చూశాడు.

"తిరుగుతాది," అన్నాడు. అంతకుమించి ఆ పని గురించి ఆయన గొప్ప చెప్పుకోవడం నేను వినలేదు.

ఉగాది వెళ్లింది. వేపపూత రాలి గుడ్డ మీద పడుతుంటే ఊదేసి కుట్టేవాడు. ఒక్కో పూట ఇద్దరం గంటలకొద్దీ మాట లేకుండా కూర్చునేవాళ్లం. సూది గుడ్డలోంచి దూరినప్పుడు చిన్న చప్పుడు, ఆ వెంటనే దారం సర్రున జారడం, ఇంతే. అంత నెమ్మదిగా సాగే పని నేను తర్వాత మళ్లీ చేయలేదు. ఏదో సాధిస్తున్నామని అప్పుడు అనిపించలేదు. బాగుండేది, అంతే.

శ్రీరామనవమి దాటాక కట్టు విప్పారు. ఎముక అతికింది కానీ కొంచెం వంకరగా అతికింది. ఇంక ఇంజను ఎక్కడానికి పనికిరావని డాక్టరు చెప్పాడు. లాంపు రూములో సిగ్నలు దీపాలు తుడిచి కిరసనాయిలు పోసే పని ఇస్తామన్నారు. ఇంటికొచ్చి ఆ మాట అమ్మతో చెప్పి, వసారాలో కూర్చుని గుడ్డ తీశాడు. అమ్మ లోపలికి వెళ్లి ఏడ్చింది. ఆయన ఏడవలేదు. అప్పటికి ఇంజను మొత్తం అయిపోయి పొగ మాత్రం మిగిలింది. పటంలో పొగ జానెడే. ఆయన ఆ జానెడు దాటి కుట్టుకుంటూ పోయాడు. బూడిదరంగు దారం అయిపోతే టీచరమ్మ దగ్గరనుంచి మళ్లీ తెప్పించాడు. గుడ్డ అంచు వచ్చాక ఆపేసి, మర్నాడు లాంపు రూములో చేరాడు.

పెద్దాయన ఆ ఆదివారం వచ్చాడు. అమ్మ ఇంజనును ఆయన ముందు పరిచి పక్కనే నిలబడింది, ఒక్క నవ్వు నవ్వితే చూద్దామన్నట్టు. ఆయన నవ్వలేదు. ముక్కు గుడ్డకు ఆనేదాకా వంగి చూశాడు.

"కూత గొట్టం ఈడ కాదప్పా, ఇంగా ముందరుంటాది."

"ఆడనే ఉంటాది అన్నా. బొగ్గేసినోణ్ణి, నాకు తెలీదా?"

"తోలినోణ్ణి నేను!"

ఇద్దరూ అరగంట వాదులాడుకున్నారు. నాయన అంత గట్టిగా మాట్లాడి నెలలైంది. వెళ్తూ వెళ్తూ పెద్దాయన, తనకూ ఒకటి కుట్టివ్వమని, కూత గొట్టం మాత్రం తను చెప్పిన చోటే పెట్టాలని అన్నాడు.

అది మరుసటి వసంతంలో కుట్టాడు నాయన. నాకు పెళ్లయ్యాక ఒకసారి గుత్తి వెళ్తే పెద్దాయన ఇంటికి పోయాను. అప్పటికి ఆయన రిటైరై అక్కడే ఉంటున్నాడు. ఆ గుడ్డ కొత్త రేడియో మీద కప్పి ఉంది. పెద్దాయన భార్య దాన్ని తీసి దులిపి, మళ్లీ కప్పుతూ, "ఈ గుడ్డ ఉతికేకి ఒప్పుకోడమ్మా. ఇంజను రంగు పోతాదంట," అంది.