సజ్జ మీది అట్టడబ్బాలు

కోరుట్లలో మా ఇల్లు అమ్మేశాం. ఎల్లుండి జగిత్యాలలో కొన్న చిన్న ఇంటికి మారుతున్నాం. పనికిరాని వస్తువు ఒక్కటీ వెంట రాకూడదని ఈ రోజు పొద్దున్నే కొంగు బిగించి సజ్జ మీది సామానంతా దించాను. అందులో ఐదు ఖాళీ అట్టడబ్బాలున్నాయి. మా ఆయన దుబాయి నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా వాటిలోనే సామాను తెచ్చేవాడు. ఒక్కోదాని మీద నల్ల మార్కరుతో ఆయన పేరు. అక్కడి పని మానేసి వచ్చి రెండేళ్లయింది.

ఇల్లు మారడానికి పనికొస్తాయి కదా అంటారేమో. వస్తాయి. ఆ తర్వాత కొత్త ఇంటి సజ్జ కూడా ఎక్కుతాయి. అందుకే కత్తి తీసుకుని కోయడం మొదలుపెట్టాను. మా అత్త పరుగున వచ్చింది.

“గవి కొయ్యకే! కొడుకు మళ్ల దుబాయి పోతే సామాను దేంట్ల కడ్తవ్?”

“పోవద్దనే కోస్తున్న అత్తమ్మా.”

గుమ్మంలో నిలబడి మా ఆయన అంతా విన్నాడు. లోపలికి వెళ్లి, మంచం కింద నాకు తెలియకుండా దాచిన ఆరో డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో కొత్త తాడు చుట్ట కూడా ఉంది.

“గిది గూడ కొయ్యి” అన్నాడు.

కోశాను. తాడు మాత్రం ఉంచాను, ఎల్లుండి బండి మీద ఆ మంచాన్ని కట్టడానికి. మీరూ ఓసారి మంచం కిందికి వంగి చూసి, ఏం దొరికిందో చెప్పండి.