వేలి కింద పారిన చీర

2022 ఎండాకాలం. కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం మేడ మీద నా ఆఫీసు. వెబ్ డిజైనర్‌గా అప్పటికే పన్నెండేళ్ళ అనుభవం. ఆ ఏడు ఎటు చూసినా కొత్త డిజైనర్లే. ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకుని, మా గిరాకీల తలుపులే తట్టేవారు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని మేం పాతవాళ్ళం నవ్వుకునేవాళ్ళం, లోపల గుబులుగానే.

సిరిసిల్లలో రాజేశం అనే ఆయనకు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. తను నేయించే చీరల్ని దళారీ లేకుండా అమ్ముకోవడానికి వెబ్‌సైట్ కావాలన్నాడు. డెమో, అంటే నమూనా పేజీ, పట్టుకుని వెళ్ళాను. అప్పటికే అక్కడ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు స్రవంతి. అదే ఆమె మొదటి ప్రయత్నం.

"గీ పని దొరకకుంటే చీరల మాల్‌ల సేల్స్ గర్ల్‌గ చేరుమన్నడక్కా మా బాపు," అంది. పోటీకి వచ్చిన మనిషితో ఎవరైనా ఇలా చెప్పుకుంటారా!

నా పేజీ చూపించాను. శుభ్రంగా ఉంది, చిటికెలో తెరుచుకుంది. "మంచిగున్నది మేడం," అని రాజేశం చాయ్ తెప్పించాడు.

స్రవంతి తన ఫోన్‌ని రాజేశం భార్య భాగ్యమ్మ చేతికిచ్చింది. "వేలుతోని కిందికి అనుకుంట పోవే పెద్దమ్మా," అంది. తెర నిండా ఒకే చీర. వేలు కదిలినకొద్దీ నెమలికంఠం రంగు కిందికి పారుతోంది. మధ్యలో బుటాలు మెరుస్తాయి, ఒకచోట ధర కనిపించి మాయమవుతుంది, మళ్ళీ రంగు. పక్క షెడ్డులో సాంచాలు ఒకటే లయలో మోగుతున్నాయి. ఆ మోతలో, ఆ రంగులో నాకు మధ్యాహ్నపు కునుకు లాంటి మత్తు కమ్మింది. ఎందుకొచ్చానో కూడా మరిచిపోయాను. కొంగు వచ్చేదాకా భాగ్యమ్మ వేలు కదులుతూనే ఉంది. నాకు కుళ్ళు పుట్టింది, దాచడం దేనికి?

రాజేశం స్రవంతి పేజీ లింక్‌ని దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి పంపాడు. కాసేపటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"తెరుసుకుంటలేదన్నా. అంత తెల్లగనే ఉన్నది."

ఫొటోలు మరీ బరువు. ఒకసారి తెరిచిన పేజీని మన ఫోన్ దాచిపెట్టుకుంటుంది, అందుకే మనకు వెంటనే వస్తుంది. దాన్ని కాష్ అంటాం. వేరేవాళ్ళ ఫోన్లో చూసుకోవాలని కొత్తవాళ్ళకు తట్టదు. నా పేజీ పంపితే అక్కడ ఠక్కున వచ్చింది.

"గిదైతే మంచిగొచ్చింది. గని అన్నా, ఇసొంటియి మస్తు చూసినం," అన్నాడు తమ్ముడు.

నా మొహం మాడిపోయింది. స్రవంతి కళ్ళు తుడుచుకుంటూ బ్యాగు సర్దుకుంటోంది.

"జర ఆగు బిడ్డా," అని రాజేశం మమ్మల్నిద్దరినీ షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఒక సాంచె ఆగి ఉంది. పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినా దాని కొసల్ని తీసేయలేదు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతున్నాడు పనివాడు.

"మళ్ళ మొదటికెళ్ళి పోగులెక్కియ్యాల్నంటే మస్తు పరేషాన్. పాత కొసనే కొత్తదాన్ని లోపలికి గుంజుకపోతది. అటెన్క నేసేది కొత్తదే. మీరిద్దరు గట్లనే చెయ్యుండ్రి."

"ఇద్దరమా?" అన్నాను కటువుగానే.

"ఒక్కలైతే నాకు సగం సైటే వస్తది మేడం," అని నవ్వాడు.

ఇద్దరం కలిసి చేశాం. ఫొటోల బరువు తగ్గించడం, చూసేవారు కిందికి వచ్చినకొద్దీ ఒక్కో ఫొటో తెరుచుకునే లేజీ లోడింగ్ నేను నేర్పాను. చీర మాత్రం ఆమెదే, దాని జోలికి పోలేదు. స్రవంతి మాల్‌లో చేరలేదు.

కొత్తవాళ్ళని చూసి భయపడాలా అని అడుగుతుంటారు. పడాలి. పేజీ ఎలా తెరుచుకోవాలో అనుభవం నేర్పుతుంది. తెరుచుకున్నాక మనిషి దేన్ని చూసి ఆగిపోతాడో నేను ఆ మధ్యాహ్నం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది.

మరుసటేడు ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు పనికి మళ్ళీ ఇద్దరం పోటీ పడ్డాం. పని ఆమెకే దక్కింది. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి ఆమె చేసిన పేజీ నొక్కాను. చిటికెలో తెరుచుకుంది. తెర నిండా దూది తేలుతూ, మెల్లగా దిగుతోంది. అన్నం చల్లారుతోందని మా అవ్వ పిలుస్తూనే ఉంది. నా వేలు ఆగలేదు.