స్టేజి చెప్పే బుగ్గయ్యన్న

బుగ్గయ్యన్న కడుపులో మంచి మాట ఆగదు. చెడ్డ మాటైతే ఎన్నాళ్లైనా దాచుకుంటాడు. మంచిది మాత్రం చెవిన పడిన గడియలోనే బయటికి రావాలి. హైదరాబాదు అశోక్ నగర్‌లో తియ్యటి జామకాయల బండి కనబడిందంటే, నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా ఎదురైన ప్రతివాడికీ ఆ బండి ఆనవాళ్లు చెప్పుకుంటూ పోతాడు. తను కొనుక్కుందామని తిరిగొచ్చేసరికి బండి మీద ఆకులే మిగులుతాయి. "చూసినవా తమ్మీ, అందరికి అందినయి," అని ఖాళీ సంచి ఊపుకుంటూ నవ్వుతాడు.

జామకాయ గురించే ఇంత చెప్పే మనిషి, యేసుప్రభువు గురించి ఊరుకుంటాడా?

ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేశాడు. ఉద్యోగం అయిపోయింది గాని భుజం మీది తోలు సంచి దిగలేదు. అప్పుడు అందులో టికెట్లు, ఇప్పుడు సువార్త కరపత్రాలు. బొటనవేలు నాలుకకు తాకించి, కట్టలోంచి ఒకటి సర్రున లాగి ఎదుటివాడి చేతిలో పెడతాడు. వద్దని వెనక్కి ఇవ్వబోతే, "ఒకసారి ఇచ్చిన టికెట్ వాపస్ ఉండదు," అంటాడు. అవతలివాడు తేరుకునేలోగా, "జర ముందుకు జరగండి," అని పక్క మనిషి దగ్గరికి పోతాడు.

ఒకసారి పన్ను పీకించడానికి, పక్క గదివాణ్ణని నేనే ఆయన్ని చిక్కడపల్లిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. సూది వేశారు. సగం నోరు మొద్దుబారింది. మిగిలిన సగంతో అరగంట సువార్త చెప్పాడు. డాక్టరు పాపం, పన్ను పీకడం మరిచిపోయి విన్నాడు. చివరికి పీకింది పక్క పన్ను. "పోనీ తియ్, అదీ రేపో మాపో ఊగేదే," అని బుగ్గయ్యన్న ఆయనకే ధైర్యం చెప్పి, ఇంటికొచ్చి ఆ డాక్టరు చెయ్యి ఎంత మెత్తనిదో వాడంతా చెప్పాడు.

నేనూ ఆయన పోయే చర్చికే పోతాను. రెండు పూటలా మోకరిస్తాను. కాని ఎవరికైనా చెప్పాలంటే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. మా ఊరి బడిలో నేర్పిన మొదటి పాఠం పెద్దల ముందు నోరు మూసుకోవడం. అది నాకు మిగతా పాఠాలకంటే బాగా వచ్చింది. అందుకే ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, ఇంతమంది విసుక్కుంటున్నరు గదా, ఎందుకు చెప్తవే?"

"తమ్మీ, బస్సుల ఒకాయన నిద్రపోతుండు. ఆయన స్టేజి వచ్చింది. లేపితె తిడ్తడు. తిడ్తడని లేపకుంట పోతమా?"

"నేను దిగేది ఇక్కడ కాదంటే?"

"అయితె మల్ల పండుమంట. లేపుడు నా డ్యూటీ. దిగుడు ఆయన ఇష్టం. మెడబట్టి దింపేటోడు కండక్టర్ కాదు, రౌడీ."

కరపత్రం ముందువైపు అచ్చువేసిన వాక్యం. వెనకవైపు ఖాళీ ఉంటే బుగ్గయ్యన్నకు మనసొప్పదు. అక్కడ తన చేతిరాతతో ఇంకో మంచి మాట రాస్తాడు. "లైబ్రరీల కిటికీ పక్క మూడో బల్ల మీద ఫ్యాన్ గట్టిగ తిరుగుతది. ఏడింటికే పోవాలె." "కోఠిల పాత పుస్తకం కొంటె చివరి పేజీలు ఉన్నయో లేవో చూడాలె." "మూల మీది మెస్సుల బుధవారం నాడు రెండోసారి పప్పు అడిగినా మొఖం మాడ్చుకోరు."

దాంతో ఊళ్ల నుంచి వచ్చి సర్కారు పరీక్షలకు చదువుకునే పిల్లలందరూ ఆయన వెంటపడ్డారు. ఏ మతం పిల్లలైనా సరే, కొత్త కరపత్రం వచ్చిందంటే వరుస కట్టేవారు. మా ఎదురు హాస్టల్ ఉదయశ్రీ దగ్గరైతే యాభై దాకా పోగయ్యాయి. నోట్సుతో పాటు కుట్టి పెట్టుకుంది.

"ముందువైపు గూడ చదివినవా బిడ్డా?" అని అడిగేవాడు.

"పరీక్ష అయినంక చదువుత తాతా."

"సరే తియ్. సిలబస్‌ల లేదని మొత్తానికి ఇడిచిపెట్టకు."

బుగ్గయ్యన్నా నేనూ విశ్వేశ్వరరావు గారింట్లో చెరో గదిలో కిరాయికి ఉంటున్నాం. కోస్తా నుంచి వాళ్ల నాన్నగారి కాలంలోనే వచ్చి స్థిరపడిన కుటుంబం. పట్టుపంచె, నుదుట విభూతి, తెల్లవారకముందే చిక్కడపల్లి గుడికి నడక. బుగ్గయ్యన్నను అంతకుముందు నలుగురు ఇంటివాళ్లు నోటి బాధ పడలేక ఖాళీ చేయించారు. రావు గారొక్కరే పదహారేళ్లు తట్టుకున్నారు. ఈయన సువార్త మొదలుపెట్టగానే ఆయన విష్ణు సహస్రనామం అందుకునేవారు. ఇద్దరివీ మంచి గొంతులు. వింటూ నేను వంట చేసుకునేవాణ్ణి.

రావు గారికి ఒక గర్వం ఉండేది. "చూడండి మాస్టారూ, హైదరాబాదు పాడైపోయిందంటారు. నేను రోడ్డు మీద అడుగు పెట్టానా, ఆటోలు టక్కున ఆగిపోతాయి. మొన్న బస్సు కూడా ఆగింది. పంచెకట్టుకి ఇంకా విలువుందండీ," అని నాకు వారానికి రెండుసార్లైనా చెప్పేవారు. అలా చెబుతున్నప్పుడల్లా ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు గబగబా లోపలికి వెళ్లి ఏదో గిన్నె కడిగేవారు.

మొన్న కార్తీకంలో గొడవ మొదలైంది. రావు గారు గుడిమెట్ల మీద నిలబడి ఎందుకో వెనక్కి తిరిగితే, పూలబండి చాటున తోలు సంచి కనబడింది. ఇంటికొచ్చి బుగ్గయ్యన్నను వరండాలోకి పిలిచారు. నేనూ వెళ్లాను.

"నా వెనకాలే వస్తున్నావా?"

"వస్తున్న సార్."

"రోజూనా?"

"రోజు."

"ఇంట్లో చెప్తే విన్నాను. మెస్సులో చెప్పావు, ఊరుకున్నాను. ఇప్పుడు నా గుడి గుమ్మం దాకా వచ్చి కాగితాలు పంచుతావా?"

బుగ్గయ్యన్న నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. పన్ను పీకినప్పుడు కూడా మూయని నోరది.

"మాట్లాడవేం?"

బుగ్గయ్యన్న భుజం మీది సంచి సర్దుకున్నాడు.

"అయితే విను. రేపటి నుంచి నా వెనక ఒక్క అడుగు వేసినా ఆ గది ఖాళీ చెయ్యాలి."

పదహారేళ్ల గది. ఈ వాడలో బుగ్గయ్యన్న పేరు చెబితే ఇంకెవరూ టులెట్ బోర్డు చూపించను కూడా చూపించరు. భార్య పోయాక ఆయనకున్న లోకమంతా ఆ హాస్టళ్ల పిల్లలే. గదికి పోయి బతిమాలాను. "అన్నా, గుడి దగ్గర నువ్వు పంచలేదని చెప్పరాదు?"

"పంచలే తమ్మీ. సంచి గూడ విప్పలే."

"మరి ఎందుకు పోయినవ్?"

బుగ్గయ్యన్న గోడకేసి చూశాడు. "జామకాయలు తెచ్చిన, తింటవా?" అన్నాడు. నాకు నిజంగానే భయం వేసింది. మనిషికి ఒంట్లో బాగాలేదనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున చప్పుడైతే లేచాను. ఎవరూ వెంటపడకూడదని రావు గారు రోజూకంటే అరగంట ముందే బయల్దేరిపోయారట. బుగ్గయ్యన్న ఒక కాలికే చెప్పు తొడుక్కుని మెట్లు దిగి ఉరుకుతున్నాడు. "ఒద్దన్నా, గది పోతది," అంటూ నేను రెండో చెప్పు పట్టుకుని ఆయన వెనక ఉరికాను.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు అంచున రావు గారు నిలబడి ఉన్నారు. ఒక అడుగు వేస్తారు, హారన్ మోగుతుంది, వెనక్కి తీస్తారు. మళ్లీ వేస్తారు. పంచె చూసి ఒక్క ఆటో ఆగలేదు. "ఏమిటీ మర్యాద లేని జనం," అని గొణుక్కుంటున్నారు. ఎడమవైపు నుంచి సిటీ బస్సు వస్తోంది. ఆయన అటు చూడనే లేదు. అడుగు వేసేశారు.

బుగ్గయ్యన్న రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈల నేను ఊళ్లో జాతరలో కూడా వినలేదు. రోడ్డు మధ్యకు దూకి చెయ్యెత్తి నిలబడ్డాడు. "హోల్డాన్. పెద్దమనిషి దిగుతుండు." బస్సు కీచుమని ఆగింది. దాని వెనక ఆటోలు, బైకులు, పాలవ్యాను, అన్నీ ఆగాయి. డ్రైవరు తల బయటపెట్టి, "బుగ్గన్నా, ఇయ్యాల ముందుగాల్నే ఆపుతున్నవేందే?" అన్నాడు.

రావు గారు అవతలి గట్టుకు చేరి, అప్పుడు వెనక్కి తిరిగి చూశారు.

"నాకు ఎడమ కన్ను కనబడదని నీకెవరు చెప్పారు?"

బుగ్గయ్యన్న ఆకాశం చూశాడు.

"సుందరేనా?"

బుగ్గయ్యన్న "రైట్ రైట్" అని ఆగిన బస్సును పంపించాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడాది ఉగాది నుంచి సార్. నేను బండ్లు ఆపుతున్నట్టు మీకు తెలిస్తె చిన్నతనం అనుకుంటరని, ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకున్నది."

"జామకాయ సంగతి కూడా దాచుకోలేని మనిషివి. దీన్ని ఏడాదిన్నర కడుపులో ఎట్లా పెట్టుకున్నావయ్యా?"

"మస్తు కష్టమైంది సార్," అన్నాడు బుగ్గయ్యన్న, నా చేతిలోని చెప్పు తీసుకుని తొడుక్కుంటూ. "అందుకే మిగిలినయన్ని జర ఎక్కువ చెప్పిన."

రావు గారు నవ్వాపుకోలేక పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకున్నారు. గది మాట మళ్లీ ఎత్తలేదు. "వెనకాల రావడమేమిటి దొంగలాగా. ఇటు, ఎడమవైపు వచ్చి నడువు," అన్నారు.

ఇప్పుడు రోజూ ఇద్దరూ పక్కపక్కనే పోతారు. ఎడమవైపు సువార్త, కుడివైపు సహస్రనామం. గుడి దగ్గర ఒకాయన లోపలికి పోతాడు, ఒకాయన బయట చెప్పులకు కాపలా. ఎవరూ ఎవరి స్టేజిలోనూ దిగలేదు. నేను మాత్రం ఆ వారమే స్కూల్లో నా పక్క బల్ల మాస్టారికి నా ప్రార్థన సంగతి మొదటిసారి చెప్పాను. ఆయన తిట్టలేదు. టీ తెప్పించాడు.

నిన్న ఎదురు హాస్టల్లో దిగడానికి పెట్టెతో కొత్తగా ఒక పిల్లవాడు వచ్చాడు. గేటు దగ్గర రావు గారు ఆపారు. చేతిలో కరపత్రాల కట్ట. అలవాటు లేక ఒకటి లాగబోతే మూడొచ్చాయి.

"ఇది తీసుకో బాబూ. మా బుగ్గయ్యది. ముందువైపు చదవడం నీ ఇష్టం, నేను బలవంతపెట్టను. వెనకవైపు మాత్రం తప్పకుండా చదువు. రోడ్డు ఎక్కడ దాటాలో రాసి ఉంది. నేనే రాశాను."

పిల్లవాడు మొహమాటంగా రెండు వెనక్కి ఇవ్వబోయాడు.

"వాపస్ లేదు," అన్నారు రావు గారు.