అత్త పేరు పెట్టుకున్న రాయి

పొద్దున మధురై నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. మీరు వర్ణించిన అమ్మోనైటు శిలాజం గురించి సెమినార్‌లో మాట్లాడబోతున్నాను మేడం, దాని పేరు ఎలా పలకాలో ఒకసారి చెబుతారా అని అడిగింది. జవాబు నా నాలుక చివరే ఉంది. అయినా "నువ్వు పలుకమ్మా, తప్పుంటే దిద్దుతాను" అన్నాను. ఆ పిల్ల చక్కగా పలికింది, దిద్దడానికి ఏమీ లేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వచ్చానో మరిచిపోయాను. మేడ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాను. కాఫీ చల్లారిపోయింది.

ఆ పేరు మా అత్తది. మా ఇళ్లలో కోడలు అత్త పేరు నోటితో అనదు. కోయంబత్తూరులో ఎన్ని మిల్లులు లేచి ఎన్ని మూతబడినా, మా తెలుగులో సగానికి సగం తమిళం కలిసిపోయినా ఈ ఒక్క పట్టింపు చెక్కు చెదరలేదు. నాకు కూతురు పుడితే ఆచారం ప్రకారం నాన్నమ్మ పేరే పెట్టారు. దాంతో కన్నకూతురిని పేరు పెట్టి పిలుచుకునే యోగం కూడా పోయింది. ఉయ్యాలలో వేసిన నాటి నుంచి అది నాకు పాపే. ఇప్పుడు పోదనూరులో బ్యాంకు మేనేజరు, కాలేజీకి వెళ్లే కొడుకున్న మనిషి, అయినా పాపే. బడిలో చేర్చిన రోజు హెడ్‌మిస్ట్రెస్ పిల్ల పేరేమిటని అడిగితే కాగితం మీద రాసిచ్చాను. పాపం ఆవిడ నేను మూగదాన్ననుకుని, ఆ తర్వాత చాలాకాలం నాతో చేతులు తిప్పుతూ మాట్లాడింది. ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి.

అత్త కుదురులేని మనిషి. ఆమె కూర్చుని అన్నం తినగా నేను చూసింది తక్కువ. నా పెళ్లయిన కొత్తలో ఒకరోజు మేడ మీద వడియాలు పెడుతోంది. గుడ్డ గాలికి ఎగరకుండా మూడు మూలల్లో ఇటుకలు పెట్టి, నాలుగో మూల చుట్ట చుట్టుకున్న ఒక పెద్ద రాయి పెట్టింది. నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేదాన్ని. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో ఈదిన ప్రాణి గుల్ల మా ఇంటి మేడ మీద మినప్పిండి పూసుకుని కూర్చుంటే ఏం చేస్తాను, ఆ ఎండలోనే దాని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాను.

"అది నత్తరాయి. నేను పావడ కట్టే దినాల్లో ఏరింది. మొక్కేదానికి సామి రాయి కాదు, లెయ్యి" అంది అత్త.

వాళ్లన్న ఒట్టన్‌చత్రం నుంచి కూరగాయల లారీ తోలేవారు. అరియలూరు దాకా వెళ్లి, తిరుగు దారిలో సున్నపురాయి వేసుకొచ్చేవారు. ఒకసారి చెల్లెలిని వెంట తీసుకెళ్తే అక్కడి వాగులో ఆమెకు దొరికిందట. ఆ అన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే నిలబడి పేరును సాగదీసి పిలిచేవారు. మామగారికి పంపు మోటార్ల కంపెనీ ఉండడంతో ఊరందరికీ ఆమె మోటారు కంపెనీ అమ్మ, మామగారికి "ఏమ్మే", నాకు అత్త. పేరు పెట్టి పిలవదగ్గ పెద్దలు ఒక్కొక్కరే పోగా మిగిలింది ఆ అన్న ఒక్కరే. ఆ పిలుపు వినబడితే చాలు, "ఆఁ, వస్తుండా" అంటూ పిండి చేతులతోనే పరుగెత్తేది. ఆయన కూడా పోయాక గేటు దగ్గర అలా పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

ఎక్కడ దొరికిందో తెలియని శిలాజం శాస్త్రానికి పనికిరాదు. అత్తను కారులో ఎక్కించుకుని అరియలూరు వెళ్లాను. ఆమె వాగును గుర్తుపట్టి నాకంటే ముందు దిగి, గట్టు పొరలో అలాంటిదే మరొకటి చూపించింది. ఇక కొత్త జాతి అని తేల్చే పని నాది. చుట్టల మీది గీతలు, బుడిపెలు, ముగ్గు అంచులా మెలికలు తిరిగే అతుకులు, అన్నీ కొలిచి ఇదివరకే పేరున్న ప్రతి జాతితోనూ పోల్చాలి. ఏళ్లు పట్టింది. అవే పొరల్లో వేరే ఊరి వాళ్లు కూడా తవ్వుతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. వాళ్లు ముందు అచ్చు వేస్తే పేరు పెట్టే హక్కు వాళ్లదే. నేనేమో ఏరిన మనిషి పేరే పెట్టాలని, అదీ ఆమె ఉండగానే పెట్టాలని పట్టుపట్టాను. సంగతి పాప చెవిలో వేస్తే అది నేరుగా నాన్నమ్మకు చేరవేసింది.

"చచ్చిన నత్తకా నా పేరు?" అని అత్త మూతి తిప్పింది. మర్నాటి నుంచి మాత్రం నేను కాలేజీ నుంచి రాగానే చెప్పులైనా విడవకముందే, "వచ్చిందా?" అని మొదలు. "ఒక బిడ్డకి పేరు పెట్టేదానికి ఇన్నేండ్లా? ఆ బిడ్డ ఈపాటికి పెద్దమనిషి అయ్యుంటాది" అని ఎత్తిపొడుపు.

చివరికి నేను వ్యాసం పంపిన శాస్త్ర పత్రిక నుంచి జవాబు వచ్చింది. పరిశీలించిన నిపుణుడికి ఒక సందేహం. ఈ ప్రాణుల్లో ఆడది పెద్దది, మగది చిన్నది. ఇది ఇదివరకే పేరున్న ఒక చిన్న జాతికి ఆడది కావచ్చు కదా, అలాగైతే వేరే పేరు అక్కర్లేదు, ఆ మగదాని పేరే దీనికీ చెల్లుతుంది. అన్నాల దగ్గర ఇది చెప్పేసరికి అత్త గరిటె గిన్నెలో పడేసింది.

"ఆడదైతే మొగుడి పేరేనా? సముద్రంలో కూడా అంతేనా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మర్నాడు నేను లేచేసరికి పులిహోర మూట ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుని ఉంది. "దాని సొంత మొగుణ్ణి ఎతుకుదాం పా" అంది. ఆమె లెక్క సరైనదే. అదే పొరలో దీని పోలికలతోనే వేరే చిన్నది దొరికితే ఆ సందేహం నిలవదు. ఎండలో వాగంతా గాలించాం. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. పని మధ్యలో ఏనాడూ కూర్చోని అత్త ఆయాసపడి గట్టు నుంచి విరిగిపడ్డ ఒక బండ మీద కూలబడింది. చేయి అందించి లేపాను. ఆమె కూర్చున్న చోటే ఆ చిన్నది ఉంది, అవే గీతలు, అవే బుడిపెలు. "ఇంతసేపూ వాడి మీదేనా కూర్చునింది" అని చీర దులుపుకుంది.

వ్యాసం అచ్చయింది. రాయిని మ్యూజియానికి ఇవ్వాలి కాబట్టి వడియాల గుడ్డ నాలుగో మూలకు పాత పంపు మూత ఒకటి వచ్చింది. మా కాలేజీలో చిన్న సభ పెట్టారు. ముందు వరసలో అత్త, పక్కన పాప. ఉపన్యాసం సాంతం తెర మీది పేరును కర్రతో చూపిస్తూ "ఈ జాతి", "ఇది" అంటూ గట్టెక్కాను. చివర్లో అధ్యక్షులవారు, పేరు ఒకసారి మీ నోటితో చెప్పండి, పిల్లలు వింటారు అన్నారు. అత్త తల ఎత్తి ఫ్యాను చూస్తోంది. మైకు పట్టుకుని, నా జన్మలో మొదటిసారి, ఆ పేరు పలికాను. భయంతో కాస్త సాగింది కూడా.

"ఆఁ, వస్తుండా" అంటూ అత్త లేచింది.

పాప చేయి పట్టుకోబోయినా ఆగకుండా వేదిక మెట్ల దాకా వచ్చేసింది. అక్కడ నిలబడి చుట్టూ చూసింది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మెట్లు దిగి ఆమె చేయి పట్టుకున్నాను. తప్పయింది అత్తా అనబోయాను. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంకో తూరి పిలువు" అంది.

పిలిచాను.

అత్త పోయి రెండేళ్లు దాటింది. ఈ పొద్దున ఫోన్‌లో ఆ పిల్ల పేరు పలికినప్పుడు నా కళ్లు వాటంతటవే వంటింటి గడప వైపు వెళ్లాయి. మేడ ఎక్కడం దిగడం అయ్యాక పోదనూరుకు ఫోన్ చేసి పాపను పేరు పెట్టి పిలిచాను. "అమ్మా, ఒళ్లు బాగుందా? నేను వచ్చేదా?" అంది. బాగానే ఉంది, ఊరికే పిలిచాను అన్నాను. కోట్ల ఏళ్లు పేరు లేకుండా వాగులో పడి ఉన్నా ఆ రాయికి ఏ లోటూ లేదు, పేరు ఉండీ పిలిచేవాళ్లు లేని కొన్నేళ్లు మాత్రం మనిషికి చాలా పొడుగు.