చెత్తబండిలో లీలమ్మ గొంతు

లీలమ్మ ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో ఎవరో చీటీ మీద రాసి ఇచ్చేవారు, ఆమె చదివేది. గది కిటికీ గోడవైపు ఉండేది గనుక ఆ బస్సులేవీ ఆమె కంట పడేవి కావు. అయినా ఆమె నోట మాట వచ్చిందంటే జనం మూటాముల్లె ఎత్తుకుని పరుగులు పెట్టేవారు. మొదట గొంతు నిండుగా ఎత్తి, మాట చివరికి వచ్చేసరికి మెత్తగా దించేది. ఆ దించడంలోనే అందమంతా ఉందని తోటివాళ్లు మెచ్చుకునేవారు.

రిటైరయ్యాక లాల్‌దర్వాజాలో అద్దె ఇంట్లో ఉంటోంది. భర్త డానియేలు కుట్టుమిషన్లు బాగు చేస్తాడు. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదవడం తప్ప ఆ గొంతుకు మరో పని లేదు. అలాంటి రోజుల్లో బస్తీ దవాఖానా నర్సు మహేశ్వరి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"ఆంటీ, బోదకాలు రాకుంట అందరికి గోలీలు పంచుతున్నం. చెత్తబండి మైకుల ఒక ముచ్చట రికార్డు చెయ్యాలె. మీ గొంతు అయితే మస్తుంటదని అందరంటున్నరు."

లీలమ్మ మురిసిపోయింది. ఆ సాయంత్రమే దవాఖానాకు వెళ్లి, ఫ్యాను ఆపించి, పైనుంచి వచ్చిన కాగితాన్ని పొల్లుపోకుండా చదివింది. రెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ మాత్రలు తీసుకోవాలి, గర్భిణులకూ తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికీ ఇవ్వరు, చివరిగా "ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకోరాదు." మహేశ్వరి ఫోనులో అంతా ఎక్కించుకుని, అక్షరం తప్పలేదని మెచ్చుకుంది.

మర్నాటి నుంచి గౌస్ భాయ్ తోలే చెత్తబండి ఆమె గొంతును గల్లీ గల్లీకి మోసుకెళ్లింది. మహేశ్వరి, ఆమెతోటి నర్సులు ఇంటింటికీ తిరిగి ఎదుటే మాత్రలు మింగించారు. పనికి పోయినవాళ్ల మాత్రలు మాత్రం ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చారు.

రెండోనాడు పొద్దున్నే గాజుల కార్ఖానాలో పనిచేసే వరమ్మ కొంగుతో నోరు తుడుచుకుంటూ లీలమ్మ గుమ్మంలో కూలబడింది.

"లీలక్కా, నీ మాట ఇని సచ్చేటట్టయిన. కండ్లు తిరిగినయ్. మింగినవి మింగినట్టే కక్కిన."

"అయ్యో! తిన్నంకనే ఏసుకున్నవా?"

"తినుడేంది? ఖాళీ కడుపుతోని ఏసుకోమన్నది నువ్వే గదా! రాత్రి కూడ తినకుంట పండుకున్న."

లీలమ్మ కాగితంలోని మాటలు మనసులో మళ్లీ చదువుకుంది. తాను అలా అనలేదు. అనలేదనే అనుకుంది. "నేను ఏసుకోవద్దన్న వరమ్మా," అంది.

"గట్లెట్లంటవ్? మా గల్లీ మొత్తం ఇన్నది. అడుగుపో."

అడిగింది. వరమ్మ ఎదురింటివాళ్లూ అదే మాట, ఆ పక్కింటివాళ్లూ అదే మాట. అందరూ పనికి పోయి, ఇంట్లో ఇచ్చిన మాత్రలను తెల్లారి పరగడుపున మింగి కడుపులో తిప్పుడుతో పడుకున్నవాళ్లే. లీలమ్మ ఇంటికొచ్చింది. వయసు మీద పడి తాను ఒకటి అనుకుని ఇంకొకటి చదివిందా? బస్టాండులో ఉన్నన్నాళ్లూ ఒక్క అంకె తడబడలేదే!

"ఏమయ్యా, నువ్వేమిన్నవ్?" అని భర్తను అడిగింది.

డానియేలు మిషను చక్రానికి నూనె వేస్తూ తలెత్తాడు. "నీ గొంతు ఇన్న. పెండ్లయినప్పటి సంది ఇనుకుంటనే ఉన్న. మాటలు ఇనుడు ఎప్పుడో బంద్ వెట్టిన."

ఏడవాలో నవ్వాలో తెలియలేదామెకు. మహేశ్వరి దగ్గరికి పోయి రికార్డు వినిపించుకుంది. "వేసుకోరాదు" అని స్పష్టంగానే ఉంది. ప్రాణం కుదుటపడి, దాన్ని తన ఫోనులో వేయించుకుని వరమ్మకు వినిపించింది.

వరమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని, అనుమానంగా చూసింది. "ఇది వేరే. ఇప్పుడు మార్చి తెచ్చినవ్."

"మార్చలేదే తల్లీ, ఏసు ప్రభువు మీద ఒట్టు."

"మరి నేనిన్నదేంది? నా చెవులు కరాబైనయా, గల్లీ అందరియి అయినయా?"

లీలమ్మ ఆ ప్రశ్నను మహేశ్వరి దగ్గరికి మోసుకెళ్లింది. ఆమె ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. అదే బండి, అవే మాత్రలు. గౌస్ భాయ్ ఉండే గల్లీలో మాత్రం అందరూ శుభ్రంగా తిని వేసుకున్నారు, ఒక్కరికీ వాంతి లేదు. ఈ గల్లీకి ఏమొచ్చింది?

మరునాడు బండి వచ్చే వేళకు లీలమ్మ వరమ్మ అరుగు మీద కూర్చుంది. తన గొంతు మలుపు తిరిగి వస్తుంటే పరాయి మనిషి మాట్లాడినట్టు అనిపించింది. జనం డబ్బాలు తెచ్చి బండిలో బోర్లిస్తున్నారు, రేకుల చప్పుడు, ఇంజను రొద. "ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకో..." వరకూ గణగణమంది. ఆ తర్వాత మెత్తగా దిగిన గొంతు ఇంజను మోతలో మునిగిపోయింది.

"ఇన్నవా?" అంది వరమ్మ.

లీలమ్మ విన్నది. తాను చదివిన మాటే తన చెవికి తిరగబడి వినిపించింది. బస్టాండులో "రానున్నది" అన్న ముక్క మింగినా బస్సు వచ్చి ఆగేది. ఇక్కడ తోక తెగితే అర్థమే బోర్లా పడింది. అయినా నమ్మకం కుదరక బండికి అడ్డం నిలబడి గౌస్ భాయ్‌ని అడిగింది.

"భాయ్, మీ గల్లీల అందరు తినే ఏసుకున్నరంట గదా, ఎట్ల?"

"మా తాన ఉర్దూ రికార్డు పెడ్తనమ్మా. 'ఖాలీ పేట్ గోలీ మత్ ఖావ్' అని వస్తది. మత్ అంటె వద్దని. అది ముందుగాలనే ఇనబడ్తది గదా!"

సంగతి విని మహేశ్వరి దవాఖానా డాక్టరుకు ఫోను చేసింది. అర్థం మారకపోతే చాలు, జనానికి తెలిసేటట్టు చదవమన్నాడాయన. ఈసారి లీలమ్మ కాగితం పక్కన పెట్టి, గొంతు ఎక్కడా దించకుండా చెప్పింది: "ముందుగాల అన్నం తినుండ్రి. తిన్నంకనే గోలీలు మింగుండ్రి."

ఇక గొడవ తీరిందనుకుంది. తీరలేదు, ముదిరింది. మొన్న తినొద్దన్నారు, ఇయ్యాల తినమంటున్నారు, రేపేమంటారో అని గల్లీలో గుసగుస. మొదట పంచినవి పాడైన మాత్రలంట, అందుకే మాట మార్చారంట. లీలమ్మ ఎదురైతే కొందరు తల తిప్పుకున్నారు.

"ఏ లీలక్క మాట ఇనాలె?" అని వరమ్మ మొహం మీదే అడిగింది. "మొన్నటి లీలక్కదా, ఇయ్యాల్టి లీలక్కదా?"

"ఇద్దరొక్కటే వరమ్మా. మొన్న నా మాట సగమే నీ కాడికొచ్చింది. తప్పు నీది గాదు."

"మరి కక్కిన గోలీలు మల్ల మింగాల్నా?"

"నాకు తెల్వది," అంది లీలమ్మ. "దా, డాక్టరునడుగుదం."

ఇద్దరూ దవాఖానాకు పోయారు. డాక్టరు వరమ్మను పరీక్షించి, అన్నం తిని రమ్మని, తన ఎదుటే మళ్లీ మాత్రలు వేయించాడు. ఒక పూట జ్వరమో తలనొప్పో వస్తే భయపడొద్దని, ఎక్కువైతే రమ్మని చెప్పాడు. ఆ మాట రికార్డులో ఎందుకు లేదో లీలమ్మకు అర్థం కాలేదు. అడిగితే మహేశ్వరి, "కాగితంల లేదాంటీ," అంది.

అప్పటి నుంచి లీలమ్మ మహేశ్వరి వెంట ఇల్లిల్లూ తిరిగింది. చెప్పి ఊరుకోకుండా, "నేనేం చెప్పిన, ఒకసారి నువ్వు చెప్పు," అని అడగడం మొదలుపెట్టింది. అక్కడే ఆమె మతి పోయింది. ఒకామె, జ్వరమొస్తే అన్నం మానాలంది. ఇంకొకామె, దోమ కుట్టినవాళ్లే మింగాలంది. ఎదురుగా నిలబడి, గొంతెత్తి, విడమరిచి చెప్పిన మాటలవి. నోటికీ చెవికీ నడుమ ఏమవుతోందో ఆమెకు అంతుబట్టలేదు. ఇన్నేళ్లూ మైకులో చెప్పినవి ఎవరెవరికి ఎట్లా చేరాయోనని భయం పట్టుకుంది.

చివరి ఇల్లు లక్ష్మయ్యది, పండు ముసలి. అంతా ఓపిగ్గా విని, అడిగితే తడుముకోకుండా తిరిగి చెప్పాడు. లీలమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"గంతా సమజయింది బిడ్డా. పొద్దుగాల చాయ తాగిన. తిన్నట్టే గదా?"

లీలమ్మ మహేశ్వరి వైపు చూసింది. "చాయ లెక్క గాదు తాతా, అన్నం తినాలె," అంది మహేశ్వరి.

"చాయలకు బిస్కిట్ గూడ ముంచుకున్న."

లీలమ్మ చెప్పులు విడిచి గడప దాటి లోపలికి పోయింది. పొయ్యి మీద పప్పు గిన్నె చూసి, అన్నం కలిపి పళ్లెంలో పెట్టి తెచ్చింది. ముసలాయన తినేదాకా ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆయన చేయి కడుక్కుని మాత్రలు మింగాడు, నీళ్లు తాగాడు, నోరు తెరిచి చూపించాడు.

"ఇప్పుడైతే ఫికర్ లేదు గదా?" అన్నాడు.

"ఏమో పెద్దయ్యా," అంది లీలమ్మ. "రేపు మల్లొచ్చి చూస్త."