మిద్దె మీది ఫోను, నా హస్తవాసి

ఆ రోజుల్లో నాకంటూ మాట్లాడే మనిషి ఒకరున్నారని వీధిలో నలుగురికీ తెలియడం నాకు చాలా ముఖ్యంగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో, మార్కాపురంలో ఒక మిద్దె మీద ఒంటిగదిలో ఉంటూ, పొద్దున వండిన అన్నమే రాత్రికీ తినే కుర్రాడికి అంతకంటే పెద్ద పరువు సమస్య ఏముంటుంది? మాది కొమరోలు దగ్గర పల్లె. ఇళ్ళకు ఇంటర్నెట్ బిగించే చిన్న దుకాణంలో పని. పగలంతా పది ఇళ్ళు తిరిగేవాణ్ణి, పదిళ్ళలోనూ మాట్లాడేవాణ్ణి. ఆ మాటలన్నీ వైర్ల గురించే. మంచినీళ్ళు కావాలా అని అడిగేవాళ్ళు ఉండేవారు గానీ, ఎట్ల ఉండావు అని అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం గది తాళం తీస్తుంటే ఆ చప్పుడు నాకే పెద్దగా వినిపించేది.

నాతో మాట్లాడే మనిషి మా అక్క ఒక్కతే. త్రిపురాంతకంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో పనిచేసేది. సాయంత్రం ఆరింటికి పిల్లలు చదువుకు కూర్చున్నాక అక్కడి ఆఫీసు ఫోను ఖాళీ అవుతుంది. ఆరున్నరకు పిల్లల అమ్మానాన్నలు చేయడం మొదలుపెడతారు. నడుమ ఆ అరగంట మాది. మిద్దె మీద సెల్‌ఫోనుకు సిగ్నల్ నిలిచేది కాదు గనక దుకాణం వాళ్ళే గదిలోకి ల్యాండ్‌లైన్ ఇచ్చారు. దానికి నేను అందరిలా వైరున్న ఫోను తగిలించుకోవచ్చు. అట్లా చేస్తే నేను నేనెందుకవుతాను? దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర కార్డ్‌లెస్ ఫోను కొన్నాను. దాన్ని చెవికి ఆనించుకుని పిట్టగోడ వెంబడి అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడితే వీధంతా చూస్తుందని నా ఆశ. (మా అక్క నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: తిన్నావా, తలకు నూనె పెట్టుకున్నావా. మిగతా సమయమంతా హాస్టల్లో ఏ పిల్లకు జ్వరం వచ్చిందో, ఏ పిల్ల ఇంటి మీద బెంగతో ఏడ్చిందో వినేవాణ్ణి. తల మాత్రం పెద్ద వ్యాపారస్థుడిలా ఊపేవాణ్ణి.)

కింది వాటాలో ఇంటామె, ఆమె కూతురు ఉండేవారు. ఇంటాయన పలకల లోడుతో లారీ మీద పోతే ఎన్నో రోజులకు గానీ తిరిగొచ్చేవాడు కాదు. (చేరిన రోజు నేను ఆమెను "అత్తా" అని పిలిచాను. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది గనక ఆమె అక్కడికక్కడే "పెద్దమ్మా అను నాయనా" అని వరస సరిచేసింది.) ఆ కూతుర్ని ఇంట్లో పాప అనేవారు, టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. అప్పటికే ఒకసారి కొద్దిలో తప్పిపోయింది. ఈసారీ రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టి సంబంధాలు చూస్తానని ఇంటాయన తేల్చేశాడట. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా కంప్యూటర్లో అప్పటికప్పుడు సారు చెప్పే లెక్కల క్లాసు. ఆ ఇంటికి నెట్ బిగించింది నేనే.

బిగించిన వారంలోనే గొడవ మొదలైంది. ఆరు దాటగానే తెర మీద సారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయేవాడు. పెద్దమ్మ మెట్ల కింద నిలబడి "అబ్బయా, నెట్టు పోయింది, ఒకసారి రా" అని పిలిచింది. నేను అక్కకు చెప్పి ఫోను పెట్టేసి, సంచి తగిలించుకుని దిగాను. రూటరు వేడెక్కిందేమోనని దాని మీద చెయ్యి వేశాను, అంతే. సారు కదిలాడు. మర్నాడూ అదే కథ. మూడోనాడు నేను గడపలో అడుగు పెట్టేసరికే సారు లెక్క సగం చేసేశాడు. పెద్దమ్మ నా అరచెయ్యి తిప్పి చూసి, "ఈ పిల్లోడి హస్తవాసి మంచిది పాపా" అని తీర్పు చెప్పింది.

మా వైపు మొదటి విత్తనం ఎవరి చేత వేయించాలి, మందు ఎవరి చేతి మీదుగా పుచ్చుకోవాలి అని చూసుకుంటారు. చేతికి ఆ గుణం ఉందని తేలితే ఇక చదువూ అనుభవమూ ఎవరూ అడగరు. నాకు ఉందని తేలిపోయింది. దిగినప్పుడల్లా టీ వచ్చేది, కొన్నాళ్ళకు టీ పక్కన బొరుగులు చేరాయి, తర్వాత జొన్నరొట్టె, ఉల్లికారం. పెద్దమ్మ వాళ్ళాయన లారీ కబుర్లు చెప్పేది, మా అమ్మ ఎట్లా పోయిందో అడిగి తెలుసుకుంది. ఆమె అంతటితో ఊరుకోక నన్ను వీధిలోకీ తీసుకుపోయింది. పక్కింటి టీవీ మీద చెయ్యి వేశాను, పలికింది. ఎదురింటి బోరు మోటారు స్టార్టరు ముట్టుకున్నాను, తిరిగింది. (కరెంటు అప్పుడే వచ్చిందన్న సంగతి నాకూ ఆ మోటారుకూ తప్ప ఎవరికీ పట్టలేదు.) మూలింటి మిక్సీ మాత్రం నా చెయ్యి తగలగానే పొగ వదిలింది. దానికి కాలం తీరిందని పెద్దమ్మే సర్దిచెప్పింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. దుకాణంలో మా సీనియరు మొదటి వారమే చెప్పాడు, నెట్ రోజూ ఒకే వేళకు పోతుందంటే ముందు కార్డ్‌లెస్ ఫోను ఉందేమో కనుక్కోమని. కొన్ని ఫోన్లకూ నెట్టుకూ గాలిలో దారి ఒకటేనట, ఫోన్లో మాట్లాడినంతసేపూ నెట్టుకు దారి దొరకదట. నేను ఎన్నో ఇళ్ళలో ఈ ప్రశ్న అడిగాను, పెద్దమ్మనూ అడిగాను. అట్లాంటిది మా ఇంట్లో లేదంది. కాగితం మీద "లేదు" అని రాసుకుని, మెట్లెక్కి పైకొచ్చి, కార్డ్‌లెస్ ఫోన్లో అక్కతో మాట్లాడాను.

అక్క శిక్షణ కోసం ఐదు రోజులు ఒంగోలు పోయింది. ఆ ఐదు రోజులూ నాకు ఫోను లేదు, కింద నెట్ పోలేదు, నన్నెవరూ పిలవలేదు. గదిలో గోడలు చూస్తూ కూర్చున్నాను. ఆరో రోజు అక్క గొంతు వినిపించి రెండు నిమిషాలు కాలేదు, కింద పెద్దమ్మ "పోయింది, అబ్బయిని పిలుస్తానుండు" అంటోంది. అప్పుడు తట్టింది నాకు సీనియరు మాట. ఫోను కట్ చేశాను. కింద సారు గొంతు లేచింది. మళ్ళీ మీట నొక్కాను, సారు ఆగాడు. మంచి హస్తమే, కాకపోతే తాను చెడగొట్టినదాన్నే బాగుచేస్తోంది.

వైరున్న ఫోను ఒకటి దుకాణంలో మూలన పడి ఉంది. అది తెచ్చి తగిలిస్తే చాలు, అక్కా ఉంటుంది, పాప క్లాసూ ఉంటుంది. పోయేదల్లా టీ, జొన్నరొట్టె, నన్ను అబ్బయా అని పిలిచే గొంతు. ఎంత చిన్న విషయం. అయినా రెండు రోజులు ఏమీ తెలియనట్టే మిద్దె మీద మాట్లాడాను, పిలవగానే దిగాను, చెయ్యి వేశాను, టీ తాగాను. నా జీవితంలో చేసిన దొంగతనం అదొక్కటే. రెండో రోజు పాప గ్లాసు అందిస్తూ నెమ్మదిగా అంది: "అన్నా, నువ్వు వచ్చినాక బాగానే వస్తాది. నువ్వు వచ్చేలోపల ఆ పది నిమిషాల్లో సారు చెప్పింది నాకు ఎవురూ చెప్పరు." గ్లాసు అక్కడే పెట్టేసి మెట్లెక్కాను.

మర్నాడు వైరు ఫోను తగిలించాను. దాని తీగ గది గుమ్మం దాకా కూడా రాదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని మాట్లాడాల్సి వచ్చేది. కింద సారు ఆగకుండా లెక్కలు చెబుతూనే ఉన్నాడు. ఈరోజు కిందికి పోవాల్సిన పని లేదా అని అక్క అడిగితే, నెట్ బాగుందని చెప్పాను. బాగుంటే మంచిదేగా అంది. మంచిదే అన్నాను. ఇంటివాళ్ళకు నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. నా చేతి మీద పెద్దమ్మ నమ్మకాన్ని నేనే తీసేయలేకపోయాను.

పరీక్ష అయిపోయింది. (తర్వాత పాపకు రాచర్ల వైపు బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ ఖ్యాతి కూడా పెద్దమ్మ నా చేతికే కట్టబెట్టింది.) పరీక్ష అయిన వారానికి, అక్క ఊళ్ళో లేని ఒక సాయంత్రం, పెట్టెలోంచి దుబాయ్ ఫోను తీసి తగిలించాను. ఇప్పుడు క్లాసు లేదు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. సరిగ్గా ఆరింటికి మీట నొక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. పిలుపు కోసం చెవులు రిక్కించాను. క్లాసే లేనప్పుడు నెట్ పోయిందని చూసేదెవరు? ఆ మాత్రం ఆలోచన తట్టలేదు. ఎవరూ లేని ఫోను చెవిలో గుయ్యిమంటుంటే అలవాటు కొద్దీ తల ఊపుతూ తిరుగుతున్నాను. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది.

"ఎవురితో అబ్బయా?"

"మా అక్కతో పెద్దమ్మా."

"అట్లనా. టీ పెట్టినా, పిలుద్దామని వస్తి. మాట్లాడుకో నాయనా, మాట్లాడుకో."

నా మాటలకు అడ్డం రాకూడదని ఆమె తలుపు కూడా చప్పుడు కాకుండా వేసుకుని లోపలికి పోయింది.

ఇప్పుడు గిద్దలూరులో నాకు సొంత దుకాణం ఉంది. కార్డ్‌లెస్ ఫోన్లు ఎక్కడా కనిపించడం లేదు. ఎవరింట్లోనైనా నేను అడుగు పెట్టగానే నెట్ వచ్చి, వాళ్ళు నా చెయ్యి మంచిదంటే కాదనను, టీ ఇస్తే వద్దనను. ఆ మిద్దె మీద ఒట్టి ఫోనుకు తల ఊపుతున్న కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఎదురుపడితే వాడికి ఒక మాట చెప్పాలని ఉంటుంది. నెట్ పోయేదాకా ఎందుకురా, ఆ ఫోను పక్కన పెట్టి దిగు, తలుపు తట్టు. ఆమె టీ పెట్టే ఉంది.